బాపు చెప్పిన సాక్ష్యం

మొన్న పక్కింటాయన ప్లాటు రిజిస్ట్రేషన్‌కు సాక్షి సంతకం కావాలని నన్ను తీసుకుపోయాడు. పెన్ను పట్టుకున్నాను గాని చెయ్యి కదల్లేదు. అక్షరాలు కనబడటం లేదేమోనని ఆయన తన కళ్లజోడు తీసి నా చేతికిచ్చాడు. పాపం, మా ఇంట్లో సాక్ష్యమనే మాట పలకడం మానేసి ఎన్నేళ్లయిందో ఆయనకేం తెలుసు.

మా బాపు సుల్తానాబాద్ దగ్గర ఒక రైస్ మిల్లులో మిషన్ నడిపేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి అంగీ దులిపితే రాలే తవుడు కోసం మా కోళ్లన్నీ ఆయన చుట్టూ చేరేవి. మా అవ్వ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, అదే మిల్లులో ఊడ్చే పని చేసేది. మిల్లు చప్పుడును మించిన గొంతు ఆమెది. ఒకనాడు బెల్టు కింద రాలిన వడ్లు ఊడుస్తుంటే కొంగు చిక్కుకుంది. కొంగుతో పాటు కుడిచెయ్యీ పోయింది. ఉరికొచ్చి మిషన్ ఆపింది, ఆమెను బయటికి లాగింది మా బాపే. కరీంనగర్ ఆస్పత్రిలో మోచేతి పైదాకా తీసేశారు.

హమాలీ సంఘం పెద్దమనిషి ఒకాయన చూడవచ్చి, "రిజిస్టర్ల పేరు లేకున్నా ఫికర్ జెయ్యకమ్మా. పనిజేసినవని ఒక్కరు చెప్తె చాలు, నష్టపరిహారం నీ హక్కు," అన్నాడు. చిన్నమ్మ దరఖాస్తు పెట్టింది. సాక్షిగా బావ పేరే రాయించింది. ఇంకెవరి పేరు రాయిస్తుంది?

విచారణకు ముందురోజు మిల్లు సేటు మా ఇంటికొచ్చాడు. "నీ బిడ్డ కరీంనగర్ల సదువుతున్నదట గదా, మంచిగ సదివియ్యి," అన్నాడు. అంతే. చాయ్ కూడా తాగలేదు. తెల్లారి కరీంనగర్ లేబర్ ఆఫీసులో బాపు నేల చూస్తూ, "ఆమె మిల్లుల పనిజెయ్యలే సార్. ఊక కోసమని వచ్చింది," అన్నాడు. దరఖాస్తు కొట్టేశారు. సేటు కారెక్కమన్నా ఎక్కకుండా బాపు నేనూ చిన్నమ్మా ఎక్కిన బస్సే ఎక్కాడు. చిన్నమ్మ పక్కన సీటు ఖాళీగా ఉన్నా సుల్తానాబాద్ దాకా నిలబడే వచ్చాడు. ఆయన పని పోలేదు. నా డిగ్రీ పూర్తయింది.

నాలుగేళ్లకు మిల్లులో నిచ్చెన మీది నుంచి పడి బాపు నడుము విరిగింది. "మా పనోడు గాదు, రిపేరుకు పిలిస్తె వచ్చిండు," అన్నాడు సేటు. రిజిస్టర్‌లో బాపు పేరు కూడా లేదని మాకు అప్పుడే తెలిసింది. ఈసారి దరఖాస్తు మేం పెట్టాం. ఏళ్ల తరబడి ఆయనతో కలిసి పనిచేసినవాళ్లలో ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. చిన్నమ్మ గడప తొక్కే ముఖం మాకెవరికీ లేదు. ఆమే వచ్చింది. మంచం పక్కన కూర్చుని, "నేను చెప్త బావా, నువ్వు పరేషాన్ గాకు," అంది. బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"గా దినం మిషన్ బంద్ జేసి నన్ను గుంజింది మా బావనే సార్. ఆయన గాడ లేకుంటె నేను బతుకుదునా?" అని ఆఫీసరుకు చెప్పింది చిన్నమ్మ. సేటు తరఫు వకీలు పాత కాగితం ఒకటి తీశాడు. "ఈమె ఆ మిల్లులో ఎన్నడూ పనిచేయలేదు సార్. ఆ మాట చెప్పింది ఈ దరఖాస్తుదారుడే. మరి అక్కడ ఎవరు పనిచేస్తారో ఈమెకెట్ల తెలుస్తది?" అన్నాడు. అంత గొంతున్న చిన్నమ్మ వకీలును కాదు, ఆఫీసరును కాదు, నన్ను చూసింది.

ఆ దరఖాస్తూ పోయింది. పైకోర్టుకు పోదామని నేనంటే బాపు, "ఏం మొఖం పెట్టుకొని పోవాలె బిడ్డా," అన్నాడు. మూడేళ్లు మంచంలోనే ఉండి కన్నుమూశాడు. ఆ మూడేళ్లూ చిన్నమ్మ వచ్చిపోతూనే ఉంది. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు నా తల నెరిసింది, చిన్నమ్మకు డెబ్బై దగ్గరపడ్డాయి. క్షమించమని ఆమెను అడగడానికి ఇన్నేళ్లలో నాకు ఒక్కరోజు దొరకలేదు.