నా పసుపు వైద్యం

“పప్పులో పసుపు ఎక్కువైందే.”

“పసుపు తిని ఎవరూ చావరు. తినండి.”

మా ఆయనా నేనూ చివరిసారి అనుకున్న మాటలివి. ఆ మధ్యాహ్నమే పడక్కుర్చీలో కునుకు తీస్తూ, కునుకులోనే పోయారు. డాక్టరు గుండె అన్నాడు కాబట్టి బతికిపోయాను. లేకపోతే మా ఆడపడుచు ఆ పప్పుగిన్నెను పంచాయితీకి ఎక్కించేదే. అయినా పసుపు నన్ను అంతటితో వదల్లేదు. ఆరేళ్ళ తర్వాత, సముద్రాలు దాటి వచ్చి మరీ, ఐర్లండులో నా పరువు తీసింది. ఎలా తీసిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం ఇబ్బంది లేదు. సుజాతా, నువ్వు మాత్రం నవ్వకుండా రాయి.

సుజాత నా కోడలు. మా అబ్బాయి రవికి లిమరిక్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కంపెనీలు పోటీ పడి మనవాళ్ళను రప్పించుకుంటున్న రోజులవి. మా వీధిలోనే నాలుగిళ్ళ నుంచి పోపు వాసన వచ్చేది. నేనూ వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో ఉసిరిగింజంత గడ్డ చేతికి తగిలింది. సూది గుచ్చి ముక్క తీసి చూసి, క్యాన్సరే అన్నారు. ఇంకెక్కడికైనా పాకిందేమో స్కాను తీస్తేగాని తెలియదన్నారు. లివరుకు పాకితే కష్టమట.

ఆ మాట విన్నప్పటి నుంచి రవికి నవ్వు లేదు, తిండి లేదు. ఇంట్లో జబ్బు పేరు ఎవరూ ఎత్తరు. ‘అది’ అంటారు. ఆ ‘అది’ మా సోఫాలో అలిగిన వియ్యపురాలిలా కూర్చుంటే, అందరం దాన్ని తప్పుకుని నడుస్తున్నాం.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. దెబ్బ తగిలినా, వాచినా, గడ్డ లేచినా పసుపు పట్టు వేయడమే నాకు తెలిసిన డాక్టరీ. చిక్కేమిటంటే, ఆయన పోయాక నేను ఒంటికి పసుపు రాసుకోలేదు. మా వైపు రాసుకోరు. కోడలి ముందు ఏ మొహంతో పూసుకోను? బాత్‌రూం గడియ పెట్టుకుని, కొబ్బరినూనెలో కలిపి, పూటకింత పట్టించాను. గడ్డ ఒక్కదానికే వేస్తే అది పక్కకు జరుగుతుందేమోనని, మెడ నుంచి బొడ్డు దాకా కాపలా పెట్టాను. అలా మూడు రోజులు.

“అత్తయ్యా, పసుపు డబ్బా అప్పుడే అడుగంటిందేంటి?”

“పప్పుకమ్మా.”

“పప్పు మొన్నేగా చేశాం?”

“ఆ మొన్నటి పప్పుకే.”

స్కాను రోజు వచ్చింది. తెర వెనక గౌను వేసుకుని కూర్చున్నాను. రవి తెర అవతల నిలబడి నాకూ నర్సుకూ మధ్య మాటలు చేరవేస్తున్నాడు. నర్సు నవ్వుముఖం పిల్ల, మనం ‘బాగుంది’ అన్నట్టు ప్రతిదానికీ “గ్రాండ్, గ్రాండ్” అంటుంది. గౌను కాస్త పక్కకు జరిపి చూసిందో లేదో, ఆ గ్రాండ్ ఆగిపోయింది.

“అమ్మా, ఒళ్ళు ఇలా పచ్చబడి ఎన్నాళ్ళయిందని అడుగుతోంది.”

అక్కడ నిజం చెప్పి ఉంటే ఈ గోలే లేదు. కానీ విధవరాలు పసుపు పూసుకుందని కన్నకొడుకు చేత ఇంగ్లీషులో చెప్పించనా?

“మూడు రోజులైందిరా,” అన్నాను. అబద్ధం కాదుగా!

“మూడు రోజులా? చెప్పవేమమ్మా?”

నర్సు వెళ్ళి ఇంకో నర్సును పిలుచుకొచ్చింది. ఇద్దరూ నా అరచేతులు తిప్పి చూశారు. అవీ పచ్చగానే ఉన్నాయి మరి! లివరు అన్న మాట నాక్కూడా అర్థమైంది. రక్తం తీయడానికి సీసాలు వచ్చాయి. తెర కింద నుంచి రవి బూట్లు కనిపిస్తున్నాయి, ఒక్కచోట నిలవడం లేదు.

“అమ్మా... లివరుకేమో...” అని ఆగిపోయాడు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

అప్పుడైనా చెప్పాలా వద్దా? మూతికి మీగడ అంటిన పిల్లిలా గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. గుంటూరులో చదివిన మన పిల్లే. నా కళ్ళు లాగి చూసింది, తెల్లగా ఉన్నాయి. భుజం మీద వేలితో రాసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఆంటీ, కొబ్బరినూనెలో కలిపారా, నువ్వులనూనెలోనా?”

“కొబ్బరినూనె,” అన్నాను తల దించుకుని.

“పసుపు ఎంతేశారు?”

“డబ్బాడు.”

తెర అవతల బూట్లు ఆగాయి. “పసుపా!” అన్నాడు రవి. “అమ్మా, పసుపా!” ఇన్నాళ్ళకు నవ్వాడు. ఏడుపూ నవ్వూ కలిసిపోయి, గోడకు ఆనుకుని నవ్వాడు. “ఇంకా నయం, ఉప్పూ కారం కూడా పట్టించుకు రాలేదు!”

“ఊరుకోరా వెధవా, పరువు పోతోంది,” అంటూనే నేనూ నవ్వాను. సంగతి తెలిసి నర్సు “గ్రాండ్!” అంటూ తడిగుడ్డలు తెచ్చింది. నాలుగు తువ్వాళ్ళు పచ్చబడ్డాయి, నేను మాత్రం పూర్తిగా తెల్లబడలేదు.

తిరిగి వస్తుంటే కారులో వాడే ఆ పేరు మొదటిసారి పలికాడు. “అమ్మా, క్యాన్సర్ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నీకు పసుపు పూసుకోవాలనుంటే మొహానికే పూసుకో. ఎవరేమంటారో నేను చూస్తా.”

లివరులో ఏమీ లేదని తర్వాత తేలింది. ఆపరేషనైంది, జుట్టు ఊడింది, మళ్ళీ ఉంగరాలు తిరిగి మొలిచింది. కాబట్టి పసుపు డబ్బా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: డాక్టరుకు చెప్పకుండా ఏ గడ్డకూ పట్టు వేయను. స్కానుకు వెళ్ళే ముందు నన్ను నేను వండుకోను.

నిన్న పప్పు కలుపుకుంటూ రవి అన్నాడు, “పసుపు ఎక్కువైందమ్మా.” అచ్చం వాళ్ళ నాన్న గొంతే. పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఇంకో గరిటెడు నెయ్యి వేశాను.

ఇంతే. ఏదీ సుజాతా, మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు. ఆయన మాట దగ్గర కాస్త నిదానంగా చదువు.