స్టాపు ఎదుటి తలుపు

1968 వేసవిలో నన్ను విజయనగరం సర్కారు బస్సుల డిపోకి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అంతవరకూ చీపురుపల్లి రోడ్డు మీద ప్రైవేటు బస్సులు తిరిగేవి. చెయ్యెత్తిన చోటల్లా ఆగేవి. ఆ రూటు మా చేతికి రాగానే స్టాపులు ఖాయం చేసే పని నా మీద పడింది. స్టాపుకీ స్టాపుకీ మధ్య దూరం మైలుకు తగ్గకూడదన్నది మాకు చెప్పిన రూలు. దగ్గర దగ్గరగా ఆపితే బస్సు టైముకు చేరదు, బ్రేకులు అరిగిపోతాయి. మరీ దూరమైతే నెత్తిన గంపలతో నడిచేవాళ్లు తిట్టిపోస్తారు. నేను రూలు మనిషిని. కొలత గొలుసు లాగించి, మైలు నిండిన చోట గుంజ పాతించి, రేకు బోర్డు కొట్టించేవాణ్ణి.

ఒక ఊళ్లో, పేరు రాయను, గుంజ సరిగ్గా ఒక పెంకుటింటి గుమ్మానికి ఎదురుగా వచ్చింది. ఊరి పెద్ద నాయుడుగారు వచ్చి, "ఈ గుమ్మం ఎదర వొద్దండి బాబూ, కూసింత అవతలకి జరిపించండి" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. స్టాపును తన కళ్లం దగ్గరకు లాక్కోవాలని చూస్తున్నాడనుకుని, కుదరదన్నాను.

కొన్నాళ్లకు కండక్టర్లందరిదీ ఒకటే మాట. ఆ స్టాపులో దాదాపు ఎవరూ ఎక్కడం లేదు, ఊరంతా మైలు నడిచి పక్క స్టాపులో ఎక్కుతోంది. మేనేజరు స్టాపు ఎత్తేయమన్నారు. ఊళ్లోకే బస్సు వస్తుంటే ఎండలో నడిచే జనం ఎక్కడైనా ఉంటారా? చూసివద్దామని ఒక పొద్దున్న అక్కడ దిగాను.

పక్క స్టాపుకు నడిచే టైము లేనివాళ్లు నలుగురైదుగురు విజయనగరం వెళ్లే బస్సు కోసం గుంజ దగ్గర నిలబడి ఉన్నారు. అందరి చూపూ ఆ ఇంటి మూసిన తలుపు మీదే. దాహం వేసి నేను ఆ తలుపే తట్టి మంచినీళ్లు అడిగాను.

"బస్సెల్లిపోనీండి బాబూ, అప్పుడిత్తాను నీల్లు" అని లోపల్నుంచి ఆడగొంతు. మళ్లీ తట్టాను. తలుపు తెరుచుకుంది. నుదుట బొట్టు లేని ఓ పెద్దామె చెంబు అందించింది. తాగి వెనక్కి తిరిగేసరికి గుంజ దగ్గర ఒక్క కుర్రాడు తప్ప ఎవరూ లేరు. వాడు కూడా ఆమెను చూసి, తల దించుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

నాకు మతిపోయింది. బయలుదేరే వేళ విధవ ఎదురైతే ఇంటికెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరడం నాకు తెలియని ఆచారం కాదు. కానీ అందుకోసం ఊరు ఊరంతా మైలు నడుస్తోందనీ, బస్సు వేళలన్నిటా ఈమె తలుపేసుకుని కూర్చుంటోందనీ కలలో కూడా అనుకోలేదు.

"ఆకర్న ఎల్లినోడు నా కొడుకేనండి. ఏరుపడి పక్కీదిలో ఉంతన్నాడు. ఈయేల జూటుమిల్లులో పనికి రమ్మన్నారు" అంది.

కన్నతల్లి ఎదురొస్తే దోషం లేదంటారు కదా అన్నాను.

"ఆడికి బయ్యం బాబూ. బస్సు ఒక్క నిముసం ఆపండి, నీల్లు తాగేసి వచ్చెత్తాడు" అని బతిమాలి, తనే తలుపు వేసేసుకుంది.

బస్సు వచ్చింది. డ్రైవరు గొణుగుతున్నా ఆపించాను. కుర్రాడు పరుగున వచ్చి, ఆ ఇంటి వైపు చూడకుండా ఎక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే గుంజ పీకించి ఊరి చివర ధాన్యం మిల్లు దగ్గర పాతించాను. పక్క స్టాపుకి దూరం మైలు కన్నా తగ్గింది. కారణం అడిగితే ఉన్నదున్నట్టు రాసిచ్చాను. మేనేజరు చదివి సంతకం పెట్టారు.

గుంజ పీకుతుంటే ఆమె తలుపు తీసింది. రోడ్డు అటూ ఇటూ చూసుకుని, ఎవరూ రావడం లేదని తేలాక మెట్టు మీదకు వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మావోడికి పని దొరికినాది బాబూ" అంది. "మీరు బస్సాపబట్టి, ఆడు నీల్లు తాగేసి ఎల్లబట్టి."

ఆ తరవాత ఏ రూటు ఇచ్చినా దూరం గొలుసుతోనే కొలిపించాను. గుంజ పాతే ముందు మాత్రం ఎదుటి ఇంట్లో ఎవరుంటారో అడిగేవాణ్ణి. అవసరమైతే స్టాపు జరిపేవాణ్ణి. మా ఉద్యోగంలో జరపగలిగింది అదొక్కటే.