గళ్ల కాగితం మీద పుట్టిన రాకుమారి

మొన్న బెంగళూరు బస్సులో పక్కసీటు పిల్ల సెల్లులో ఆటాడుతుంటే తొంగి చూసినాను. రాకుమారి ఒకతె కత్తి తిప్పుకుంటూ కొండెక్కుతోంది. "ఎవరమ్మా ఈమె?" అంటే, "హీరోయిన్ ఆంటీ, అన్నీ ఈమే చేస్తుంది" అనింది, ఇందులో వింతేముందన్నట్టు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అన్న ధర్మవరంలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. నేర్చుకునే పిల్లల కోసం తానే ఒక ఆట తయారుచేయడం మొదలుపెట్టినాడు. ఆడేవాళ్లు కథలోని మనిషైపోయి ఊర్లు తిరగాల, ఆపదలు దాటాల. అన్న కథలో కరువు రాజ్యం, గుత్తి కోటలాంటి కోట, అందులో బందీగా రాకుమారి, విడిపించేదానికి రాకుమారుడు. బొమ్మలే ఆయనకు చేతకాలేదు. ఆయన గీసిన రాకుమారుడు తలపాగా చుట్టిన బిందె మాదిరి ఉన్నాడు. తెరమీద బొమ్మంటే చిన్న చిన్న గళ్లలో రంగులు నింపడమే. మా అత్త పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద నెమళ్లు, హంసలు గీసేది. అందుకే ఆమెను పిల్చుకొచ్చినాను.

అత్త కథంతా విని, కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఆయప్ప వచ్చేదాకా ఆ పిల్ల ఏం చేస్తాంటాది?"

"కోటలో కూర్చోనుంటాది" అన్నాడు అన్న.

"ఏం, కాళ్లు లేవా? మూడేండ్లుగా వాన లేదంటివి. నీళ్లు యాడుండాయో ఎతికేదానికి తానే పోకూడదా?"

"ఆటంటే అంతే అత్తా. ఆడేది మగపిల్లోళ్లు."

"అయితే నీ బిందెనే ఆడించుకో పో!" అని లేచింది. అన్న దిగొచ్చినాడు.

అత్త గళ్ల కాగితం మీద రాకుమారికి చీర ఎగ్గట్టింది, భుజాన గడ్డపార పెట్టింది. నేను ఒక్కో గడీ చూసి కంప్యూటర్లో రంగు నింపినాను. "ఇంత పెద్ద పెట్టెలో మిరపపండు ఎరుపు లేదా!" అని నన్ను తిట్టింది. ఎడమకాలు ముందుకేసిన బొమ్మ ఒకటి, కుడికాలు ముందుకేసిన బొమ్మ ఒకటి. మీట నొక్కినాను. "నడుస్తాండాది! మే, నడుస్తాండాది!" అని అత్త నా భుజం పట్టి ఊపేసింది. ఆ సాయంత్రం ముగ్గురం ఆమెను తెర ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించడం తప్ప ఇంకే పనీ చేయలేదు.

సెంటర్ వార్షికోత్సవం రోజు ఆట పెట్టినాము. మొదట కూర్చున్న పిల్లోడు, "రాకుమారుడు యాడన్నా? ఆడమనిషితో ఏం ఆడేది?" అని లేచిపోయినాడు. నలుగురు నవ్వినారు. అన్న మొహం మాడిపోయింది. అత్త వెనక గోడకానుకుని కొంగు నలుపుతోంది. అప్పుడు, టైపింగుకొచ్చే మగ్గాలింటి అమ్మాయి "నేను ఆడనా అన్నా?" అని కూర్చుంది. రాకుమారి రెండుసార్లు పడింది, లేచింది, నీటి ఊటకు అడ్డంగా పడుకున్న రాక్షసుణ్ణి గడ్డపారతో కుమ్మింది. అప్పటికి గదంతా ఆ అమ్మాయి వెనకే నిలబడి అరుస్తోంది. "ఎడమకు! ఎడమకు తిప్పు!" తెర నిండా నీలంగా నీళ్లు పొంగగానే ఒకటే ఈలలు. ఆ లేచిపోయినవాడే జనాన్ని తోసుకుంటూ వచ్చి, "తర్వాత నేను!" అన్నాడు.

"ఎవరు గీసినారన్నా?" అని ఎవరో అడిగినారు. అన్న వెనక్కి చూపించినాడు. "మా అత్త. బొమ్మే కాదు, ఆ పిల్లను కోట దిగనిచ్చింది కూడా ఆమే."

అందరూ కలిసి అత్తను కుర్చీలో కూర్చోబెట్టినారు. నిమిషం తిరక్కముందే రాకుమారి బావిలో పడింది. "అయ్యో, నా బిడ్డను నేనే తోసేస్తినే!" అని అత్త అరిచిన అరుపుకు గదంతా పగలబడి నవ్వింది.

సెంటర్ మూతపడింది. ఆ ఆటున్న కంప్యూటర్ యాడికి పోయిందో తెలీదు. అత్త కూడా పోయింది, ఆ వార్షికోత్సవమైన ఏడాదిలోనే. ఆ రోజు ఆమె మా కంటికి ఎంతో పెద్దామె. లెక్కేసుకుంటే అప్పటికి ఆమెకు నలభై మూడేండ్లే. కాలం ఆమెను ఆ వయసు కాడనే నిలబెట్టేసి, నన్ను మాత్రం ఆమెకంటే పెద్దదాన్ని చేసింది.