నన్ను రోడ్డు దాటించిన కాక

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏడవని, ఎవరూ నవ్వని ఏడాది ఒకటి ఉంది. అప్పుడు నేను అయిదో తరగతి చదువుతున్నాను. మా నాయన తమ్ముణ్ణి, నేను కాక అని పిలిచే మనిషిని, పట్నం పెద్ద దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చిన ఏడాది అది.

అంతకుముందు కాక జహీరాబాద్‌లో ఇంటర్ చదివేవాడు. మా ఊళ్లో అందరికన్నా వేగంగా సైకిలు తొక్కేవాడు. తర్వాత ఏమైందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గోడ అవతలి నుంచి ఎవరో తనను తిడుతున్నారని చెవులు మూసుకొని కూర్చునేవాడు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేసేవాడు. మావాళ్లు దర్గాలకు తిప్పారు, ఝరాసంగం గుడికి వెళ్లి మొక్కుకున్నారు, తాయెత్తులు కట్టించారు. చివరికి బీదర్ దిక్కు చుట్టం ఒకాయన నచ్చజెబితే పట్నం తీసుకెళ్లారు. ఆ జబ్బును స్కిజోఫ్రీనియా అంటారని పెద్దయ్యాక తెలుసుకున్నాను. అప్పుడు మా ఇంట్లో దానికి పేరు లేదు. ‘వానికి మంచిగ లేదు’ అనేవారు, అంతే.

కొన్ని నెలలకు తిరిగొచ్చిన కాక లావయ్యాడు. చేతులు కొద్దిగా వణికేవి. అరుపులు లేవు, భయం తగ్గింది. కానీ పొద్దున లేపి అరుగు మీద కూర్చోబెడితే మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేవాడు. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. మెల్లమెల్లగా ఇల్లంతా ఆయనలాగే అయిపోయింది. అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. నాయన చేను నుంచి వచ్చి, తమ్ముడి వైపు చూడకుండా కాళ్లు కడుక్కొని లోపలికి వెళ్లేవాడు. నాకు కూడా ఏమీ అనిపించేది కాదు. అరుగు మీద ఎవరో బస్తా దించి వెళ్లినట్టు, కాక పక్కనుంచి తప్పుకొని తిరిగేదాన్ని. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం అదే.

చిరాగ్‌పల్లి దగ్గర మా ఊరు. మా ఇళ్లు బొంబాయి రోడ్డుకు ఒక పక్క, బడి ఇంకో పక్క. లారీలు ఆగకుండా పోయేవి. పిల్లలను పెద్దవాళ్లెవరో ఒకరు దాటించాల్సిందే. నన్ను అమ్మ దాటించేది.

ఒకరోజు పొద్దున మా నాయనమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. “బిడ్డా, మీ కాక ఊకె కూసుంటే ఇంక మొద్దయితడు. రేపటి సంది బడికి పొయ్యేటప్పుడు నీ ఎంట తీస్కపో. రోడ్డు కాడ చేయి ఇడువకు. వాడు తిరిగొచ్చేటప్పుడు నేను చూస్కుంట. జర పైలం” అంది. అంత పెద్ద మనిషిని నాకు అప్పగించినందుకు మొదట గర్వంగా అనిపించింది. ఆ గర్వం వారం కూడా నిలవలేదు.

కాక చాలా నెమ్మదిగా నడిచేవాడు. చెయ్యి చల్లగా, చెమటగా ఉండేది. రోడ్డు దగ్గర ఆగి అటు, ఇటు, మళ్లీ అటు చూసేవాడు. భయపడుతున్నాడనుకొని నేనే చెయ్యి లాగి దాటించేదాన్ని. బడి దగ్గర పిల్లలు ‘పిచ్చి కాక వచ్చిండు’ అని వరుసకట్టి నవ్వేవారు. నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు పలక తీసుకొని లేచిపోయింది. “మా అమ్మ నీ పక్కన కూసోవద్దన్నది” అని చెప్పింది.

మర్నాడు నేను చేసిన పని ఇది. కాకకు మందు గోళీలు తేవడానికి నాయనమ్మ పొద్దున్నే జహీరాబాద్ దవాఖానకు వెళ్లింది. అమ్మా నాయనా జొన్న కోతకు పోయారు. రోడ్డు దగ్గరికి వచ్చాక నేను కాక చెయ్యి విడిపించుకొని, “నువ్వు ఈడనే ఉండు” అని ఒక్క పరుగున రోడ్డు దాటేశాను. వెనకే లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను తిరిగి చూడలేదు. ఆ రోజు బడిలో ఎవరూ నన్ను చూసి నవ్వలేదు.

సాయంత్రం బడి విడిచాక రోడ్డు దగ్గరికి వస్తే, అవతల కాక నిలబడి ఉన్నాడు. పొద్దున నేను విడిచిన చోటే. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు. అంగీ చెమటకు తడిసి, ఆరి, తెల్లటి చారలు కట్టింది. పెదాలు పగిలాయి. నేను రోడ్డు దాటి రాగానే పక్కనున్న చాయ్ హోటలామె లేచింది. “పొద్దుగాల సంది గట్లనే నిలవడ్డడు. రమ్మంటె రాలే, నీళ్లిస్తె తాగలే. ఆ బడి దిక్కే చూస్తుండు” అంది.

కాక నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. నా మోచేతులు తిప్పి చూశాడు. తర్వాత, ఇంటికి వచ్చాక మొదటిసారి, తనంతట తాను మాట్లాడాడు.

“లారీ అడ్డమొచ్చింది. నువ్వు అటు చేరినవో లేదో కనవడలే.”

“ఇంటికి పోకపోయినవా కాక?”

“పోయి ఏమని చెప్పాలె?” అన్నాడు. మళ్లీ తనే, “నిన్ను దాటిచ్చే పని నాది. అవ్వ నాకే చెప్పింది. చిన్న పిల్ల, లారీలు చూస్కోదు, నువ్వుంటెనే నాకు ధైర్యం అన్నది” అన్నాడు.

అవ్వ అంటే ఆయన తల్లి, మా నాయనమ్మ. నాకు చెప్పిన పనే ఆమె ఆయనకూ తిప్పి చెప్పిందని అప్పుడు తెలిసింది. ఏడుపు రావాల్సిన చోట నాకు ఏమీ రాలేదు. కాలి కింద రాళ్లు కాలుతున్నాయని మాత్రం తెలిసింది. ఆయన పొద్దంతా ఆ రాళ్ల మీదే నిలబడ్డాడని కూడా తెలిసింది. చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొచ్చాను. లేదా ఆయనే నన్ను తీసుకొచ్చాడు.

నాయనమ్మ అప్పుడే బస్సు దిగి వచ్చింది. జరిగినదంతా చెప్పాను. నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె ముందు కాకకు రెండు చెంబుల మజ్జిగ తాగించి, చాప వేసి పడుకోబెట్టింది. తర్వాత నా దగ్గర కూర్చుంది.

“నాయనమ్మా, కాకను నేను తీస్కపోవాల్నా, కాక నన్ను తీస్కపోవాల్నా? ఏది నిజం?” అని అడిగాను.

“రెండూ నిజమే బిడ్డా. గోళీలు చెవులల్ల లొల్లిని ఆపుతయి గని మనిషిని లేపయి, లేపుడు ఇంటోళ్ల పని అన్నడు డాక్టరు సాబ్. తిట్టకున్రి, మాట్లాడున్రి, చేతనైన పని చెప్పున్రి అన్నడు. నాగలి ఇద్దామంటె చేతులు వణుకుతున్నయి. పుస్తకం ఇద్దామంటె అక్షరం నిలుస్తలేదు. ఇంక వానికియ్యనీకి నా కాడ ఏమున్నదే? నువ్వొక్కదానివే ఉన్నవు” అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె ఏడవలేదు. గోళీలను డబ్బాలో పోసి మూత పెట్టి లేచింది.

మర్నాడు పొద్దున సంచి వేసుకొని అరుగు ముందు నిలబడి, “కాక, నన్ను దాటియ్యవా?” అని అడిగాను. ఎవరూ లేపకుండా కాక లేచాడు. చెప్పులు వెతుక్కున్నాడు. ఆ రోజు రోడ్డు దగ్గర నేను చెయ్యి లాగలేదు. ఆయన అటు, ఇటు, మళ్లీ అటు చూసేదాకా ఆగాను. బడి దగ్గర పిల్లలు నవ్వారు. నవ్వనిచ్చాను.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని చెబితే అబద్ధం. నెల తర్వాత పక్కింటి అక్క తన కొడుకును కూడా కాక వెంట పంపింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు పంపారు. అందరికన్నా చిన్నవాణ్ణి కాక భుజాన ఎక్కించుకునేవాడు. వానాకాలంలో, ఇక బాగైందనుకొని గోళీలు మానేశాడు. గోడ అవతలి తిట్లు మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ పట్నం తీసుకెళ్లారు. ఆయన లేని రోజుల్లో ఆ పిల్లలు సంచులతో మా అరుగు మీద కూర్చొని “ఎప్పుడొస్తడు?” అని అడిగేవారు. నాయన ఆ మాటలు వింటూ గడపలో నిలబడేవాడు. కాక తిరిగొచ్చిన రోజు నాయనే ఎదురెళ్లి తమ్ముడి సంచి అందుకొని, “పోరగాండ్లు నిన్నే అడుగుతున్నరురా” అన్నాడు. అన్నదమ్ములు మాట్లాడుకోగా నేను విని ఏడాది దాటింది. లోపల అమ్మ రొట్టె చేయడం ఆపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాక మళ్లీ చదవలేదు. పెళ్లి చేసుకోలేదు. కానీ చాలా ఏళ్లు జహీరాబాద్‌లో అల్లం వ్యాపారి దగ్గర అల్లం ఏరి బస్తాలకెత్తే పని చేశాడు. గోళీలు తానే వేసుకునేవాడు, ప్రతి నెలా దవాఖానకు తానే పోయేవాడు. నేను కాపురానికి వెళ్లాక ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు, ఇంకా ఆ మాటలు వినబడతాయా అని అడిగాను. “వినవడ్తయి. పని మీదున్న, తర్వాత రాన్రి అని వాటితోని అంట” అని చెప్పి కొద్దిగా నవ్వాడు.

ఆయన పోయి రెండేళ్లయింది. అప్పుడు కూడా నాకు వెంటనే ఏడుపు రాలేదు. నాకు అన్నీ ఆలస్యంగానే వస్తాయి.

జబ్బుపడ్డ వాళ్లను చూడడానికి వెళ్లినప్పుడు అందరూ పండ్లు పెడతారు, ధైర్యం చెబుతారు, కదలొద్దంటారు. నేను ఏదో ఒక చిన్న పని అడుగుతాను. ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టమని, ఈ చీటీలో ఏం రాసిందో చదివి చెప్పమని. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను వింతగా చూస్తారు. మంచం మీది మనిషి మాత్రం మెల్లగా లేచి కూర్చుంటాడు.