భూషణం దాచిన ట్యూబు

భూషణానికి మనవరాలంటే గిట్టదనీ, పిల్ల దగ్గరికొస్తే కర్ర చూపించి తరుముతాడనీ మద్దేడ్ సంతలో చెప్పుకుంటున్నారు. కర్ర చూపించడం నిజమే. గిట్టకపోవడం మాత్రం పచ్చి అబద్ధం. నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుంది గానీ, ఆ ముసలాడి రొమ్ము మీద పడుకుని పెరిగిన పిల్ల వినీత. కొడుకూ కోడలూ హైదరాబాదు పక్కన ఇటుక బట్టీలో ఉంటే, పిల్లను సాకేది భూషణం, ఆయన భార్య సారలమ్మా.

అసలు సంగతి మిరప తోటల్లో మొదలైంది. కాయ ఎర్రబారగానే ఈ చుట్టుపక్కల కూలీలంతా ముఠా కట్టి గోదావరి అవతలికి పోతారు. చంకన పిల్లలు, నెత్తిన గిన్నెలు. తోట గట్టున టార్పాలిన్ గుడిసె. అందులో వరసగా పడుకుంటారు, ఒక బొంతనే ఇద్దరు ముగ్గురు సర్దుకుంటారు. అక్కడ ఎవరు గోక్కున్నా పట్టించుకునేవాడు లేడు. ‘మిర్చి మంట’ అంటారంతే. కాయ కోసిన చేతులు మండవా మరి? మజ్జిగ రాసుకుని మళ్లీ చాళ్లలోకి దిగుతారు. వినీత వేళ్ల సందుల్లో పొక్కులొచ్చినప్పుడు భూషణం కూడా అదే అనుకున్నాడు. పిల్ల చేతులకు మజ్జిగ పూసి, ఊది ఊది నిద్రపుచ్చాడు.

ఊరికొచ్చాకా తగ్గలేదు. పడుకుంటే చాలు, పొట్టా పిరుదులూ రక్తం వచ్చేదాకా గోక్కునేది. ఊళ్లో మందులిచ్చే ఆరోగ్య కార్యకర్తను మితానిన్ అంటారు; ఆ మితానిన్, మాసే అనే ఆమె, పిల్ల చేతులు తిప్పి చూసి తేల్చేసింది.

"మిర్చి కాదు, గిర్చి కాదు. గజ్జి ఇది."

సారలమ్మకు ఒళ్లు మండింది. "ఏందే మాసే, గట్లంటవు? దినాం నీళ్లు పోస్త దానికి. మాది గజ్జి కొంపనా?"

"నీళ్లకు చావదత్తా. కండ్లకు కనబడని పురుగు. తోలు లోపల బొక్క చేసుకొని గుడ్లు పెడ్తది. పక్కల పండుకుంటే ఎక్కుతది."

మాసే ఆస్పత్రి నుంచి ముగ్గురికీ ట్యూబులు తెచ్చింది. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా వదలకుండా, ముగ్గురూ ఒకే సాయంత్రం రాసుకోవాలి. తెల్లారి కడుక్కోవాలి. బట్టలూ బొంతలూ మరిగే నీళ్లలో ముంచి ఎండలో ఆరేయాలి. వారం పోయాక ఇంకోసారి రాసుకోవాలి.

"దురద ఉన్నా లేకున్నా అందరు పూసుకోవాలె. ఇన్నవా మామా?"

విన్నాడు. తలూపాడు. కానీ భూషణానికి అప్పటికి ఎక్కడా దురద లేదు. జ్వరం లేనివాడు జ్వరం బిళ్ల మింగుతాడా? పైగా ఇక్కడ మందంటే దొరికిననాడు దాచుకునే వస్తువు. వాగు పొంగిందంటే నర్సు సిస్టర్ రాదు, ఆస్పత్రికి పోయే దారుండదు. పిల్లకు మళ్లీ వస్తే పనికొస్తుందని తన ట్యూబును చుట్టల డబ్బాలో దాచేశాడు.

"రాసుకున్నవా?" అని సారలమ్మ అడిగింది.

"రాసుకున్న. వీపంత జిగట జిగట."

"పెండ్లిపిలగానికి నలుగు పెట్టినట్టున్నదా?"

"పిల్లేదే మరి?" అని నవ్వించాడు కూడా.

పిల్లకు తగ్గింది. పుండ్లు ఎండాయి, ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ఎప్పట్లాగే తాత రొమ్ము మీదే. కొన్నాళ్లకు భూషణం నడుము దగ్గర దురద మొదలైంది. చెమటకాయలనుకున్నాడు. ఆ వెనకే వినీత మళ్లీ గోకడం మొదలుపెట్టింది. దాచిన ట్యూబు తీసి పిల్ల ఒక్కదానికే పూశాడు. తన ఒంటి మీద పురుగు అలాగే ఉండగా పక్కన పడుకోబెట్టుకున్నాడు. ఈసారి పుండ్లు చీము పట్టాయి. ఒకనాడు పొద్దున లేచేసరికి పిల్ల ముఖం బూరెలా ఉబ్బి ఉంది. ఉచ్చ చూస్తే టీ డికాషన్ రంగు.

బీజాపూర్ ఆస్పత్రికి తీసుకుపోతే జగదల్‌పూర్ పెద్దాస్పత్రికి పొమ్మన్నారు. ఆ పుండ్ల వల్లే కిడ్నీలు దెబ్బతిన్నాయని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో అందరూ మందు రాసుకున్నారా అని హిందీలో అడిగింది. సారలమ్మ "హా, సబ్ లగాయా" అంది.

గోడకానుకుని నిలబడ్డ భూషణం అప్పుడు నోరు విప్పాడు. "నేను రాసుకోలే."

సారలమ్మ ఆయన వైపు తిరిగింది. "నీ ప్రేమ పాడుగాను," అంది. అంతకుమించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆయన మాసే దగ్గర ఏడ్చాడు.

పిల్ల ఇంటికైతే వచ్చింది. చాలామంది పిల్లలకు ఇది పూర్తిగా నయమవుతుందట, ఈ పిల్లకు కాలేదు. మాటిమాటికీ తెచ్చి చూపించాలన్నారు. జగదల్‌పూర్ ఏమన్నా పెరటి దొడ్డా? ఇక ట్యూబుల కోసం మాసే తిరుగుతూనే ఉంది. ఆస్పత్రిలో అడిగినప్పుడల్లా "స్టాక్ ఖతం, అగ్లే హఫ్తే ఆనా" అంటారు. ఆ వచ్చే వారం ఇంతవరకూ రాలేదు. అందుకే, తన ఒంటి మీది పురుగు మళ్లీ పిల్లకు ఎక్కకూడదని, భూషణం మేకల కొట్టంలో పడుకుంటున్నాడు. తాతా అని పిల్ల ఉరికొస్తే కర్ర ఎత్తుతాడు. మొదట్లో వినీత అది ఆట అనుకుని నవ్వేది. ఇప్పుడు అటువైపు రావడమే మానేసింది. ఇంత చేసినా పిల్ల వేళ్ల సందుల్లో మళ్లీ పొక్కులు లేచాయి, ఎందుకంటే ఆడుకునే పిల్లలందరికీ అవే ఉన్నాయి. అవతల మిరపకాయ మళ్లీ ఎర్రబారుతోంది. కూలీల ముఠా మేస్త్రి వచ్చి, ఈసారి ఎవరెవరొస్తారో పేర్లడిగి పోయాడు.

మొన్నటి నుంచి పిల్ల కళ్ల కింద మళ్లీ వాపు కనిపిస్తోందట. బీజాపూర్ నుంచి భోపాల్‌పట్నం పోయేవాళ్లు మద్దేడ్‌లో ఒక్క గడియ దిగండి. పొద్దుటిపూటే వెళ్లి వినీత ముఖం చూడండి, ఉచ్చ రంగు అడగండి, తేడా ఉంటే ఆస్పత్రికి బండెక్కించండి. ట్యూబులు దొరికితే ఆ ఇంటికీ చుట్టుపక్కల ఇళ్లకూ చాలినన్ని పట్టుకెళ్లండి. భూషణం రాసుకున్నానంటే నమ్మకండి. చొక్కా విప్పించి, మీ కళ్ల ముందే పూయించండి.