ఆగిపోయిన అప్పగింతలు

మిర్యాలగూడలో నేను పనిచేసే స్కానింగ్ సెంటర్లో పొద్దున్నే నెట్‌వర్క్ పెట్టె తలుపు తీస్తే వేడెక్కిన ప్లాస్టిక్, దుమ్ము కలిసిన వాసన గుప్పుమంటుంది. మార్త మేడమ్ గుర్తొస్తారు. సూర్యాపేటలో కంప్యూటర్లు, నెట్‌వర్కులు బాగుచేసే దుకాణం ఆమెది. నా మొదటి ఉద్యోగం అక్కడే. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. మొదట్లో ఆమె పేరెత్తితేనే నాకు ఒళ్లుమంట.

ఒకసారి కోదాడలో నాగేశ్ అనే ఆయన వీడియో స్టూడియోకు వెళ్లాం. అక్కడి కంప్యూటర్లన్నీ ఒకే హార్డ్‌డిస్కును నెట్‌వర్క్ మీద పంచుకునేవి. కెమెరా కార్డులోని పెళ్లి వీడియోను అందులోకి ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోతోంది. నాగేశ్ అప్పటికే వైర్లు మార్చాడు, రూటరూ మార్చాడు. బెంచీ మీద చిలుకూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "మా అమ్మాయి అప్పగింతలు ఒక్కటి చూపించు బాబూ, పోతాను" అని అదే మాట అంటున్నాడు.

"వైరే అయ్యుంటది మేడమ్, ఇంకోటి ఏద్దాం" అన్నాను. మేడమ్ వినిపించుకోలేదు. కుర్చీ లాక్కుని, వేరే పెళ్లి కార్డు పెట్టి ఎక్కించారు. ఆగింది. మళ్లీ ఎక్కించారు. ఆగింది.

"సూసినవా, రెండుసార్లూ ఒక్కతాన్నే ఆగింది. వైరు ఖరాబైతే ఒకసారి ఈడ, ఒకసారి ఆడ ఆగుతది" అని నాగేశ్ వైపు తిరిగారు. "ఈ నడుమ కొత్తగ ఏం కొన్నవ్?"

"కెమెరా కొన్నానక్కా. పెళ్లంతా ఒకటే ఫైలుగా తీస్తది."

అదీ సంగతి. పాత కెమెరా పెళ్లిని ముక్కలు ముక్కలుగా దాచేది. ఆ డిస్కును ఫార్మాట్ చేసిన పాత పద్ధతిలో ఎంత ఖాళీ ఉన్నా ఒక్క ఫైలు నాలుగు జీబీ దాటకూడదు. నెట్‌వర్క్‌కు ఆ విషయం పట్టదు, మోసుకొచ్చి పోస్తూనే ఉంటుంది. హద్దు రాగానే డిస్కు ఇక వద్దంటుంది. తెర మీద మాత్రం తప్పు నెట్‌వర్క్‌దే అన్నట్టు రాసి వస్తుంది.

డిస్కులో ఉన్నదంతా ఇంకోదానిలోకి తీసి, కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేస్తే సరి. హమ్మయ్య అనుకుని సంచి సర్దబోయాను. మేడమ్ కదల్లేదు. "ఈయన బిడ్డ పెళ్లి ఏదీ, పెట్టు" అన్నారు. డిస్కులో ఫైలు పేరు ఉంది. తలంబ్రాలు వచ్చాయి, అక్కడితో బొమ్మ ఆగిపోయింది. ముహూర్తాల రోజుల్లో ఆ స్టూడియోలో ఒక అలవాటు ఉండేది. డిస్కులో పేరు కనపడితే చాలు, కార్డు తుడిచేసి తర్వాతి పెళ్లికి పంపేవారు. ఆ కార్డు అప్పుడు ఆత్మకూరు పెళ్లిలో ఉంది. తుడిచిన కార్డు మీద కొత్తది ఎక్కకపోతే పాతది వెనక్కి తీయొచ్చు. నాగేశ్ అక్కడి కెమెరా మనిషికి ఫోన్ చేశాడు.

"నిండిపోయిందంట అక్కా" అన్నాడు. అంటే పాత పెళ్లి మీద కొత్త పెళ్లి ఎక్కేసింది. తర్వాత గొంతు తగ్గించి, "కెమెరా పాడైందని చెబుదాం. ఆయనకేం తెలుస్తది?" అన్నాడు.

"సిగ్గుండాలె నాగేశూ. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

అతను తల వంచుకున్నాడు. మేడమ్ వెళ్లి పెద్దాయన పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "అయ్యా, అప్పగింతలు పోయినయ్. ఇగ దొరకయ్. పూర్తిగ ఎక్కిందో లేదో సూడకుంట కార్డు తుడిచిండ్రు."

ఆయన కోప్పడలేదు. భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఏడుపులు చూద్దామని కాదమ్మా. ఆ టైముకి నేను బస్సు డ్రైవర్ కోసం తిరుగుతున్నా. వచ్చేసరికి పిల్ల వెళ్లిపోయింది. నా కోసం వెతుక్కుందో లేదో చూద్దామని."

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఓదార్చలేదు, ఊరుకోమనీ అనలేదు.

ఇప్పుడు నా పని స్కాన్ బొమ్మలను ఒక మిషన్ నుంచి ఇంకోదానికి పంపడం. పూర్తయిందని తెర చెప్పినా నమ్మను. అటువైపు తెరిచి, ముందుగా చిట్టచివరి బొమ్మ చూస్తాను. కొత్తగా చేరిన అమ్మాయి విసుక్కుంటుంది. "పేరు కనవడుతుంది గదక్కా, ఇంకేం గావాలె?"

"జర ఆగు" అంటాను. "ఆఖర్ల ఎవరున్నరో సూడనీ."