ఓపీ చీటీలో రైతును, ఎక్స్‌రేలో శిల్పిని

నంది చెవిలో దుమ్ము ఊదబోతే ఊపిరి చాలలేదు. జబ్బు ఎప్పుడు మొదలైందని అడిగినవాళ్లకు నేను చెప్పే రోజు అదే. ఆళ్లగడ్డలో మా శిల్పాల షెడ్డులో నల్లరాతి నందికి చివరి పని నడుస్తోంది. సన్న ఉలితో గీసినప్పుడల్లా చెవి మలుపులో పొడి నిలుస్తుంది. దాన్ని నోటితో ఊదేయడం మాకు రెప్ప వేసినంత అలవాటు. ఆ రోజు ఊదాను. పొడి కదల్లేదు. ఇంకోసారి గట్టిగా ఊదాను. పొడికి బదులు నేను కదిలాను. పక్కనున్న రాతిదిమ్మెను పట్టుకుని నిలబడ్డాను.

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. పేరు మద్దిలేటి. బీఏ పాసయ్యాక ఉద్యోగాలు నన్ను వెతుక్కుంటూ వస్తాయని కొన్నేళ్లు ఇంట్లోనే ఉన్నాను. అవి ఎక్కడో దారి తప్పినట్టున్నాయి. చివరికి షెడ్డులో అందరికీ పెద్దదిక్కైన శిల్పి ఓబులేసన్న దగ్గర ఉలి పట్టుకోవడం నేర్చుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా అదే పని.

దగ్గు ఉంది. అయితే మా షెడ్డులో దగ్గనివాడు ఎవడు? ఒకరు దగ్గితే ఇంకొకరు అందుకుంటారు, భజన మాదిరి. కాబట్టి కొన్ని నెలలు సిరప్ తాగుతూ గడిపాను. రుచి బాగుండేది. మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం మొదలయ్యాక నా భార్య రమణమ్మ ఊరుకోలేదు. ఆమె అంగన్‌వాడీ టీచరు. వారం వారం పిల్లల్ని తూచే మనిషి ఒకరోజు నన్ను కూడా తూచింది. ముల్లు చూసిన మరుసటి రోజు ఉదయమే ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఓపీ చీటీ రాసేచోట పేరు, వయసు, ఊరు, వృత్తి అడిగారు. "వ్యవసాయం" అన్నాను.

ఇది అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. మా రేషన్ కార్డులో అట్లే ఉంది. నాయన కాలంలో ఎకరా పొలం ఉండేది. పొలం పోయింది, కార్డులో మాట మిగిలింది. కార్డులో ఒకటి, చీటీలో ఒకటి ఉంటే వెనక్కి పంపుతారని మా షెడ్డులో అందరికీ నమ్మకం. ఎవరిని పంపారో, ఎప్పుడు పంపారో ఎవరికీ తెలియదు. అయినా ఆసుపత్రికి పోయినా, బ్యాంకుకు పోయినా మేమంతా రైతులమే. ఊళ్లో సగం విగ్రహాలు చెక్కింది, కాగితాల ప్రకారం, వరి పండించేవాళ్లు.

ఎక్స్‌రే తీశారు. గల్ల పరీక్షకు డబ్బా ఇచ్చారు. స్పూటమ్ నెగెటివ్, టీబీ క్రిమిని మెషీన్లో పట్టే సీబీనాట్ కూడా నెగెటివ్. ఎక్స్‌రేలో మాత్రం రెండువైపులా పైభాగంలో షాడోస్ ఉన్నాయన్నారు. "నెగెటివ్ వచ్చినా టీబీ లేదని చెప్పలేం. ట్రీట్‌మెంట్ మొదలుపెడదాం" అన్నాడు డాక్టరు. ఆయన తప్పు పట్టలేను. ఆయన ముందున్నది ఆయాసపడే రైతు ఎక్స్‌రే.

ఆరు నెలలు మాత్రలు. మొదటిరోజు బాత్‌రూంలో నారింజ రంగు చూసి, బతుకు అయిపోయిందనుకుని రమణమ్మను పిలిచాను. ఆ మాత్రలకు అట్లే వస్తుందని డాక్టరు ముందే చెప్పారంటుంది ఆమె. నేను వినలేదు. డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ ధైర్యంగా కనపడే పనిలో ఉన్నాను.

మొదటి రెండు నెలలు పనికి పోలేదు. దగ్గు తగ్గింది. మాత్రలు పనిచేస్తున్నాయని అందరికీ చెప్పాను. మూడో నెలలో షెడ్డుకు పోయాను. దగ్గు తిరిగి వచ్చింది. బీఏ చదివినవాణ్ని, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనే ఆలోచన మాత్రం రాలేదు. కోర్సు పూర్తయ్యేసరికి బజారు దాకా నడవాలన్నా మధ్యలో ఆగాల్సి వచ్చేది. తెలిసినవాళ్లు ఎదురైతే మాట్లాడటానికి ఆగినట్టు నటించేవాణ్ని. ఆ నెలల్లో ఊళ్లో నాకు మంచివాడని పేరొచ్చింది.

అప్పుడు నంద్యాలకు పంపారు. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు మా కంటే చిన్నది. ఛాతీకి తీసిన హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తరువాత చీటీ చూసింది.

"వ్యవసాయమా? ఏం పంట?"

"వరి మేడమ్."

"ఏ రకం వేశారు ఈసారి?"

సోనా మసూరి అన్నాను, తినేది అదే కాబట్టి. నారు ఎప్పుడు పోశారంది. దీపావళికి అన్నాను. ఆమె తల ఎత్తి చూసింది. బండి ఆత్మకూరు దగ్గర రైతుల ఇంట్లో పుట్టిన అమ్మాయి అని, దీపావళికి పైరు కంకి వేసి ఉంటుందని తరువాత తెలిసింది. బీఏలో ఏ పేపరులోనూ నాకు అంత తక్కువ మార్కులు వచ్చి ఉండవు.

ఇక రమణమ్మ అందుకుంది. "ఈయనకు వరి ఏదో గడ్డి ఏదో తెలీదు మేడమ్. రాయి కొడతాండాడు, పద్దెనిమిదేండ్ల నుంచి. కార్డులో ఉందని రైతునంటాడు."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. నా చేతులు చూపించమంది. ఎడమచేతి వేళ్ల మీద ఉలి కాయలు చూసింది. "రాయి కోసేటప్పుడు నీళ్లు కొడతారా? మాస్కు పెడతారా?" అంది. మూతికి కండువా కడతామన్నాను. లోపలికి పోకుండా కండువా ఆపేది ఈగలను మాత్రమే అంది.

ఆ జబ్బు పేరు సిలికోసిస్. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. లోపలికి పోయింది బయటికి రాదు. "మందు ఏంది మేడమ్?" అని అడిగాను. "దుమ్ము మానేయడమే మందు. ఉన్నదాన్ని తీయలేను. కొత్తది పోకుండా చూసుకుంటే మీకు చాలా ఏళ్లు బాగా గడుస్తాయి" అంది. ఆమె చెప్పిన మాటల్లో 'బాగా' అనేదాన్ని పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇక్కడ నా గొప్పతనం ఒకటి చెప్పాలి. ఒప్పుకున్న విగ్రహం ఇంకొంచెం మిగిలి ఉందని, అది ఒక్కటి పూర్తి చేస్తానని పది రోజులు షెడ్డుకు పోయాను. పదకొండో రోజు నంద్యాలలో ఆక్సిజన్ పెట్టారు. ఇన్ఫెక్షన్. రమణమ్మ పడక పక్కన కూర్చుని నాలుగు రోజులు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆక్సిజన్ కంటే అదే ఎక్కువ పనిచేసింది.

కోలుకుంటున్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఓబులేసన్న. నాకు పద్దెనిమిదేళ్ల దుమ్ము అయితే ఆయనది నలభై ఏళ్లది. ఆయన దగ్గు నా దగ్గుకు గురువు. నంద్యాలకు రా అన్నా అంటే, "ఆడికి పోతే లేని రోగం ఉండాదంటారప్పా" అనేవాడు. పరీక్షే ఆళ్లగడ్డకు వస్తే తప్ప ఆయన రాడు. ఎక్స్‌రే వ్యాన్ పంపమని తాను జిల్లా ఆరోగ్య శాఖ ఆఫీసుకు రెండుసార్లు రాశానని, మీ మండలంలో ఆ కేసులే లేవని జవాబు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది.

ఆ నెలలోనే ఆరోగ్య మంత్రి నంద్యాలకు వచ్చారు. కొత్త వార్డు తెరిచాక సమావేశ మందిరంలో గంటసేపు జనం ప్రశ్నలకు జవాబులిస్తారన్నారు. "నేను అడిగితే ఉద్యోగి అడిగినట్టు ఉంటుంది. మీరు అడగండి, కేసు మీరే కదా" అంది డాక్టరమ్మ. ప్రశ్న ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. అందులోనూ వృత్తి అనే గడి ఉంది. చేయి తనంతట తానే 'వ్య' అని రాసేసింది. కొట్టేసి, శిల్పి అని రాశాను.

మంత్రి ఓపికగానే జవాబులు చెప్పారు. ప్రాథమిక వైద్యానికి ఎన్ని కోట్లు, పరికరాలకు ఎన్ని కోట్లు, నిరుటి కంటే ఎంత పెంచారు, అన్నీ చూడకుండా చెప్పారు. నాకు కోట్లు అనే మాట ఒక్కటే గుర్తుంది. నా వంతు వచ్చింది. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు మా ఆళ్లగడ్డలో పరీక్షలు ఎప్పుడు పెడతారని అడిగాను. అధికారి ఒకరు ఆయన ముందు కాగితం పెట్టారు.

"మీ మండలం నుంచి ఈ జబ్బు ఒక్కటి కూడా నమోదు కాలేదని ఇందులో ఉంది. లేని జబ్బుకు నిధులు కావాలని నేను ఆర్థిక శాఖను ఎట్లా అడగాలి?" అన్నారు.

నా కేసు కూడా లేదు. రైతుకు సిలికోసిస్ ఎట్లా వస్తుందని ఎవరో పొరపాటు దిద్ది ఉంటారు.

కోపం వచ్చి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు గట్టిగా అని కూర్చునేవాణ్ని. కానీ ఆ కాగితం ఎట్లా తయారైందో ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు.

"కాగితం కరెక్టే సార్. తప్పు మాదే. రాయి కొట్టేవాళ్లమంతా ఆసుపత్రిలో రైతులమని రాయించుకున్నాం" అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. మంత్రి నవ్వలేదు. ఎందుకని అడిగారు. కార్డు సంగతి చెప్పాను. ఆయన అధికారి వైపు తిరిగి, వృత్తి వేరుగా చెబితే కార్డు పోతుందా అని అడిగారు. పోదు సార్ అన్నాడాయన. అంత చిన్న జవాబు వినడానికి నాకు మంత్రి దాకా రావాల్సి వచ్చింది.

"పేర్లు తెండి, వ్యాన్ పంపిస్తాను" అన్నారు మంత్రి. "పేర్లు లేకుండా పంపితే ఎవరికోసం ఖర్చు పెట్టావని రేపు నన్ను నిలబెట్టి అడుగుతారు." ఆయనను అడిగేవాళ్లు కూడా ఉంటారనే సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

మంత్రిని ఒప్పించడం సులువు. షెడ్డును ఒప్పించడం కష్టం. రమణమ్మ కొత్త రిజిస్టరుకు గళ్లు గీసి తెచ్చింది. ఒక్కడూ పేరు చెప్పలేదు. జబ్బుందని తెలిస్తే ఆర్డర్లు రావని ఒకరు, కార్డు పోతుందని ఒకరు. అధికారి మాట చెప్పాను. "ఆయప్ప చెప్పిపోతాడు, రేపు ఆయప్ప యాడుంటాడు?" అన్నాడు ఓబులేసన్న.

వాదించడం నాకు రాదు. అందుకని డాక్టరమ్మ నాకు పెట్టిన వరి పరీక్ష గురించి చెప్పాను. దీపావళికి నారు పోశానన్న దగ్గర షెడ్డంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ ఓబులేసన్న నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు, తరువాత రాయి మీద కూర్చున్నాడు. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆపేశారు. గ్రైండరు కూడా ఎవరో ఆపారు. ఆయన దగ్గు ఒక్కటే వినపడింది.

చాలాసేపటికి తలెత్తి రమణమ్మ వైపు చూశాడు. "రాయమ్మా. ఓబులేసు. రాయి పని. నలబై ఏండ్లు."

తరువాత వరుస కట్టారు.

వ్యాన్ రావడానికి రెండు నెలలు పట్టింది. వస్తుందని నమ్మింది రమణమ్మ ఒక్కతే. రిజిస్టరు జెరాక్సును వారం వారం ఆరోగ్య శాఖ ఆఫీసులో ఇచ్చి వచ్చేది. చాలామందికి ఏమీ లేదని తేలింది. కొందరికి మొదటి దశ. ఓబులేసన్నకు సిలికోసిస్‌తో పాటు టీబీ కూడా ఉంది. స్పూటమ్ పాజిటివ్. నా దగ్గర ఆరు నెలలు వెతికిన టీబీ ఆయన దగ్గర కూర్చుని ఉంది. కానీ అది నయమయ్యేది. మాత్రలు మొదలుపెట్టారు. నారింజ రంగు గురించి నేను ముందే చెప్పాను, ఆయన విన్నాడు. ఇప్పుడు బరువు పెరిగాడు. నన్ను తిట్టడానికి ఊపిరి అందుతోంది.

ఇప్పుడు షెడ్డులో రాయి మీద నీళ్లు పడుతూనే ఉంటాయి. దుమ్ము లాగే ఫ్యాను ఉంది, అందరికీ మంచి మాస్కులు ఉన్నాయి. మాస్కు గడ్డానికి వేలాడుతుంటే రమణమ్మకు కబురు పోతుంది. నేను రాయి ముట్టను. మట్టితో నమూనాలు చేస్తాను, బొమ్మలు గీస్తాను. బజారు దాకా ఆగకుండా నడుస్తున్నాను. నిలబడి కబుర్లు చెప్పడం లేదని ఊళ్లో నిష్ఠూరం. మొన్న ఊపిరి బలం కొలిచే పీఎఫ్‌టీ గొట్టంలో ఊదించి, రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి, "ఏమీ మారలేదు" అంది డాక్టరమ్మ. అంతకంటే మంచి మాట ఈ జబ్బులో ఉండదు.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆసుపత్రిలో మీరు చేతులతో ఏం పని చేస్తారో చెప్పండి, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారో కూడా చెప్పండి. అడగకపోయినా చెప్పండి. దానికి అర నిమిషం పడుతుంది. నంది చెవిలో ఊదిన రోజు నుంచి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.